మన తెలుగు తరగతులు – ఉపాధ్యాయ శిక్షణము

విద్య యొక్క మంచిచెడ్డలు భవనముల మీదను, పుస్తకముల మీదను కొంతవరకే ఆధారపడి యుండును; తక్కినదంతయు ఉపాధ్యాయుని చేతిలోనిది. ఈ మాట అందరు నెరిగినదే గనుక దానిని విస్తరింపము. కాని తెలుగునాటికి వెలుపల, తమిళనాటను, కన్నడనాటను, ఒడిశాలోను తరతరములుగా స్థిరపడిన తెలుగువారి పిల్లలకు చదువు చెప్పువారికి ఎట్టి శిక్షణ కావలయునో ఆలోచించినవారు తక్కువ. తెనాలిలోనో వరంగల్లులోనో తెలుగు చెప్పుటకు చాలిన శిక్షణ ఇచ్చట చాలదని మా అభిప్రాయము.

ముందుగా ఒక లెక్క చెప్పవలసి యున్నది. 1949 ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశము, ఒక పాఠశాలలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని అన్యభాషా బాలురున్నచో ప్రాథమిక దశలో వారికి మాతృభాషలో బోధించుటకు ఉపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించెను. 1956లో రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేరి, అట్టి బోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నించుట ప్రతి రాష్ట్రమునకును విధి యైనది. మన సంఘములు ఈ తీర్మానమును, ఈ అధికరణమును చేతబట్టుకొనియే ఇన్నేండ్లును అర్జీలు పెట్టుకొనుచు వచ్చినవి.

అయితే ఈ సంఖ్యలు తరగతిని తెరచునవే కాక మూయునవి కూడ. రెండవ తరగతి ముగియునాటికి పిల్లవాడు నాలుగు వాక్యములు తడబడక చదువలేకపోయినచో, తల్లిదండ్రులు మరుసటి యేడు వానిని వేరొక మాధ్యమమునకు మార్తురు. వారిని నిందింపలేము. ఇద్దరు ముగ్గురు మారినంతనే పదిమంది యెనమండుగు రగుదురు. ఆ పిమ్మట ఉపాధ్యాయుడు విరమించినచో ఆ స్థానమున మరియొకరు రారు. కావున మన యెడ బోధన నాణ్యత యనునది తరగతి నిలుచుటకును పోవుటకును సంబంధించిన విషయము.

ఇక శిక్షణ సంగతి. శిక్షణ కళాశాలలలో బాలల మనస్తత్త్వము, బోధనా పద్ధతులు, పాఠ్యప్రణాళిక వ్రాయు విధము నేర్పుదురు. ఇవన్నియు కావలసినవే. కాని ఇచ్చటి పిల్లవాడు రెండు లిపులను ఒకేసారి పట్టుకొని వచ్చుచున్నాడన్న సంగతి ఆ పాఠములలో కానరాదు. తమిళనాట 2006లో వచ్చిన శాసనము ననుసరించి, 2006-07లో మొదటి తరగతితో ఆరంభించి, అంచెలంచెలుగా పదవ తరగతి వరకు తమిళము విధిగా చదువవలసిన భాష యైనది. ఇరుగుపొరుగు వారి భాష నేర్చుట మేలే; అది రాక ఇచ్చట బ్రతుకు గడవదు. ఉపాధ్యాయుడు మాత్రము దాని ఫలితమును ఎరిగి యుండవలెను.

ఒక ఉదాహరణము చూతము. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరము. ట, త, ప వర్గములందును అంతే. అది క యో గ యో అక్షరమున్న చోటును బట్టి, మాటను బట్టి చదువరి నిర్ణయించుకొనును. ఈ అలవాటు గల బాలుడు నోట ‘గది’ యని స్పష్టముగా పలికియు, ఉక్తలేఖనమున ‘కతి’ యని వ్రాయును. ‘బడి’ని ‘పటి’ చేయును. ఒత్తులలోను ఇట్టిదే చిక్కు. తమిళమున ‘అమ్మ’ అని వ్రాయునపుడు మొదటి మకారము మీద చుక్క పెట్టి, రెండవ దానిని ప్రక్కన వ్రాయుదురు. తెలుగున రెండవది ఒత్తుగా క్రిందికి దిగును. వరుసగా ప్రక్కప్రక్కన వ్రాయుటకు అలవడిన చేయి ఆ క్రింది ఒత్తును మరచుట వింత గాదు.

శిక్షణ లేని ఉపాధ్యాయుడు ఈ తప్పులను చూచి, వీనికి చెవి లేదనియో శ్రద్ధ లేదనియో తలచి, నూరుసార్లు వ్రాయుమనును. నూరుసార్లు వ్రాసినను రోగము కుదరదు, ఏలయన రోగము చెవిలో లేదు. ఎరిగినవాడు ‘కాలి – గాలి’, ‘పాట – బాట’, ‘తారము – దారము’ వంటి జంటలను ఏర్చి, నోట పలికించి, బొమ్మ చూపి, పిమ్మట పలకమీద వ్రాయించును. పిల్లవాని నోటిలో ఆ భేదము ముందే యున్నది. దానిని అక్షరముతో ముడిపెట్టుటయే పని.

కన్నడనాట కథ వేరు. రెండు లిపులును ఒక తల్లి బిడ్డలు. కన్నడము చదువగల బాలునకు తెలుగు అక్షరములు చాలవరకు తెలిసినట్లే. క, త, శ వంటి కొన్నింటి యందే రూపభేదము గట్టిగా కానవచ్చును. తలకట్టు తీరు మారును. వాని నెంచి చూపక, అఆల నుండి మరల ఏడాది పాటు దిద్దించుట బాలుని కాలమును దండుగ చేయుటయే. పాలు – హాలు, పులి – హులి అను జంటలను చూపినచో ఒక భాష రెండవదానికి నిచ్చెన యగును. ఒడిశాలోను, మహారాష్ట్రమునను చిక్కు అచ్చులలో నున్నది. ఒడియా లిపికిని నాగరి లిపికిని ఎ, ఒ అను హ్రస్వములకు వేరు గుర్తులు లేవు. కనుక అచ్చటి మన పిల్లలకు ‘మెడ’యు ‘మేడ’యు వ్రాతలో ఒకటే యగు ప్రమాదము కలదు.

ఇంటి భాష సంగతి మరింత సున్నితమైనది. ‘ఉన్నాడు’ అనుటకు మారుగా ‘ఉండాడు’ అను బాలుని చూచి తరగతి యంతయు నవ్వినచో, వాడు మరల నోరు విప్పడు. నిజమునకు ‘ఉండు’ అను ధాతువు చెక్కుచెదరక నిలిచిన రూప మది. రాయలసీమలోను అట్లే పలుకుదురు. పుస్తకములోని రూపమును నేర్పవలసినదే. ఇంటి మాటను కించపరచి నేర్పరాదు.

ఈ విషయమున మనకు మార్గము చూపినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940). వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. ఆ యూరు 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు అందు చేరినది. నేటికిని అచ్చట తెలుగువారు కలరు. చుట్టుపట్ల కొండలలోని సవరల పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని పంతులుగారు ముందు తాము సవర భాష నేర్చి, పుస్తకములు వ్రాసి, సొంత ధనముతో బడులు పెట్టించిరి. పిల్లవాని నోటి మాటయే చదువునకు మొదటి మెట్టని వారి నమ్మకము. తెలుగు బోధన గూర్చి వారు జరిపిన పోరాటమునకును మూలము తరగతి గదియే. గ్రాంథికమున వ్రాయుచు వ్యావహారిక భాషోద్యమ పితను తలచుట చదువరులకు వింతగా తోచవచ్చును. పంతులుగారు గ్రాంథికమును ఎరుగనివారు కారు, పసిబాలుర నెత్తిన దానిని రుద్దవద్దనిరి.

శిక్షణ కళాశాలలు విస్మరించు మరియొక విషయ మున్నది. మన తెలుగు తరగతులలో సంఖ్య తక్కువ గనుక ఒకే ఉపాధ్యాయిని రెండు మూడు తరగతులను ఒక గదిలో కూర్చుండబెట్టి నడుపవలసి వచ్చుచున్నది. ఒక తరగతికి పాఠము చెప్పునపుడు తక్కినవారు ఊరక కూర్చుండరాదు. పెద్దపిల్లలు చిన్నవారిచే చదివించు పద్ధతి మన వీధిబడులకు పాతదే. చెన్నపట్టణమున ఎగ్మూరులోని అనాథ బాలుర శాలకు 1789లో అధికారియైన ఆండ్రూ బెల్ అను దొర, ఇసుకలో వ్రాసి నేర్చు మన వీధిబడి తీరును చూచి, దానిని తన శాలలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో పుస్తకముగా ప్రకటించెను. ‘మద్రాసు పద్ధతి’ యను పేర అది ఇంగ్లండున వ్యాపించినది. మన యింటి విద్యయే పరదేశమేగి పేరు గడించినది గాని, మన శిక్షణార్థులకు దాని నెవరును నేర్పుటలేదు. అట్లని పెద్దపిల్లల చదువును చెరచి వారిని జీతములేని పంతుళ్లను చేయుమని మేము చెప్పము. రోజునకు అరగంట చాలును.

ఇవన్నియు నేర్పుటకు క్రొత్త కళాశాల అక్కరలేదు. 2014 నిబంధనల ననుసరించి బి.ఎడ్. శిక్షణ రెండేండ్ల దైనది. అందు 20 వారములు పాఠశాలలలో గడుపవలెను. సరిహద్దు జిల్లాల కళాశాలలలో తెలుగు బోధన అభ్యసించువారు ఆ వారములలో కొన్నింటిని మన తరగతులలో గడుపునట్లు కోరవచ్చును. 2020 జాతీయ విద్యావిధానము ప్రతి ఉపాధ్యాయుడును ఏటేట 50 గంటలు తన వృత్తి విద్యను పెంపొందించుకొనవలె ననుచున్నది. అందు సగమైనను ఉపన్యాసములు వినుటకు గాక, ఒకరి పాఠమును మరియొకరు వెనుక బల్లపై కూర్చుండి చూచుటకు వినియోగమైన మేలు. మైసూరు మనకు దూరము గాదు. అచ్చట 1963లో స్థాపితమైన ప్రాంతీయ విద్యాసంస్థయు, 1969లో నెలకొన్న భారతీయ భాషల కేంద్రసంస్థయు కలవు. రెండవ దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రము ఇతర రాష్ట్రముల ఉపాధ్యాయులకు తెలుగును నేర్పుచు వచ్చినది. తెలుగు రానివారికి తెలుగు చెప్పు నేర్పు అచ్చట పోగుపడి యున్నది. ఇంట తెలుగు మాటాడియు చదువనేరని మన పిల్లలకు దానిని మలచుకొనవలెను.

మా సంఘమువారు రాబోవు విద్యాసంవత్సరమున నెలకొక శనివారము ఉపాధ్యాయులను సమావేశపరుప నెంచినారు. వచ్చువారు తమ పిల్లల ఉక్తలేఖనము పుస్తకములు ఐదింటిని, దిద్దక ముందే, వెంట తెత్తురు గాక. ఏ తప్పు ఎందరు చేసిరో లెక్కించి, ఏ భాష నీడ దానిపై పడినదో గుర్తించి పట్టిక వ్రాయుటయే మొదటి కూటమి పని. ఆ పట్టికను వచ్చే సంచికలో ప్రకటింతుము.