స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పంపిణీలలో స్వేచ్ఛేతర ప్యాకేజీల ప్రస్తావన: పదం, హద్దు, సమాచారం

ఆంగ్లంలో 'ఫ్రీ' అన్న పదం వెల లేకపోవడాన్నీ బంధనం లేకపోవడాన్నీ కూడా సూచిస్తుంది. తెలుగులో వీటికి 'ఉచితం', 'స్వేచ్ఛ' అని వేర్వేరు మాటలున్నాయి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించడంతో మొదలైన ఉద్యమం ఉద్దేశించినది రెండవ అర్థాన్నే. ప్రోగ్రామును ఏ ప్రయోజనానికైనా నడపడం, మూలసంకేతాన్ని చదివి మార్చుకోవడం, ప్రతులు పంచడం, మార్చిన ప్రతులనూ పంచడం అనే నాలుగు హక్కులున్నప్పుడే అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. వీటిలో ఒక్కటి లోపించినా, పైసా ఖర్చు లేకుండా దొరికినా, అది స్వేచ్ఛేతరమే. అందువల్ల 'నాన్‌ఫ్రీ'ని 'ఉచితం కానిది' అని అనువదిస్తే అర్థం తప్పుతుంది. ఆ పేరుతో పంపిణీలలో కనిపించేవన్నీ దాదాపు ఉచితంగా దొరికేవే.

సాఫ్ట్‌వేర్‌ను వెతికి, తెచ్చి, దానికి కావలసిన ఇతర భాగాలతో సహా కంప్యూటర్‌లో అమర్చే సాధనం ప్యాకేజీ మేనేజర్. స్వేచ్ఛా పంపిణీకి చెందిన ఇటువంటి సాధనం, స్వేచ్ఛేతరమైన ఐచ్ఛిక ప్యాకేజీ ఒకటి ఉన్నదని వాడుకరికి చెప్పవచ్చునా? చెబితే ఏ మాటలతో? ఉనికిని తెలపడానికీ సిఫారసు చేయడానికీ మధ్య గీత ఎక్కడ?

ఈ గీతను అత్యంత సూక్ష్మంగా గీసినది డెబియన్. 1997లో ఆమోదించిన దాని సామాజిక ఒప్పందం, స్వేచ్ఛేతర ప్యాకేజీలు డెబియన్ వ్యవస్థలో భాగం కావని చెబుతూనే, వాడుకరుల అవసరం కోసం వాటికి వేరుగా చోటు కల్పించింది. స్వేచ్ఛా ప్యాకేజీలు 'మెయిన్' విభాగంలో, స్వేచ్ఛేతరమైనవి 'నాన్‌ఫ్రీ'లో, తాము స్వేచ్ఛగా ఉండి స్వేచ్ఛేతరమైన వాటిపై ఆధారపడేవి 'కాంట్రిబ్'లో ఉంటాయి. ప్యాకేజీల నడుమ సంబంధాలకు మూడు క్రియలు ముఖ్యం: ఆధారపడు, సిఫారసు చేయు, సూచించు. మెయిన్‌లోని ప్యాకేజీ నాన్‌ఫ్రీలోని దానిపై ఆధారపడరాదు, దానిని సిఫారసు చేయరాదు, సూచించవచ్చు. ఇది మాటల పట్టింపు మాత్రమే కాదు. సిఫారసు చేసిన ప్యాకేజీని మేనేజర్ అడగకుండానే అమరుస్తుంది. సూచించినదాన్ని పేరు చూపి వదిలేస్తుంది. వ్యవహారంలో దాదాపు పర్యాయపదాలైన రెండు క్రియల మధ్య ఇక్కడ నైతిక సరిహద్దు ఏర్పడింది.

ఫాంట్లు దీనికి అందుబాటులో ఉన్న ఉదాహరణ. పోతన, వేమన ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చినవి గనుక మెయిన్‌లోనే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ వారి టైమ్స్ న్యూ రోమన్ వంటి ఫాంట్లను తెచ్చిపెట్టే ప్యాకేజీ కాంట్రిబ్‌లో ఉంది. అందులో ఫాంట్లు ఉండవు. వాటిని బయటినుంచి దించుకునే చిన్న ప్రోగ్రాము మాత్రమే ఉంటుంది. 

అయితే విభాగం పేరు అన్నీ చెప్పదు. మూలసంకేతం లేని గ్రాఫిక్స్ డ్రైవరూ, గ్నూ ప్రాజెక్టు వారి ఈమ్యాక్స్ కరదీపికా డెబియన్‌లో ఒకే నాన్‌ఫ్రీ అరలో ఉన్నాయి. కరదీపికలో మార్చరాని భాగాలను ఆ లైసెన్సు అనుమతిస్తుంది కాబట్టి, అటువంటి భాగాలున్న పత్రాలు స్వేచ్ఛేతరమని డెబియన్ సభ్యులు 2006లో ఓటు ద్వారా తేల్చారు. ఉద్యమాన్ని ప్రారంభించినవారి గ్రంథమే ఆ అరకు చేరడం విడ్డూరమే. మొదటిదాన్ని చదవనే లేము. రెండవదాన్ని చదవవచ్చు, పంచవచ్చు, కొన్ని పుటలను మాత్రం మార్చలేము. వాడుకరికి కనిపించే ముద్ర రెంటికీ ఒక్కటే.

ఫర్మ్‌వేర్ విషయంలో సమస్య తీవ్రమైంది. చాలా వైఫై చిప్పులు పనిచేయాలంటే తయారీదారు ఇచ్చే స్వేచ్ఛేతర ఫైలు కావాలి. డెబియన్ అధికారిక ఇన్‌స్టాలర్‌లో అది ఉండేది కాదు. ఉన్న ప్రతి అనధికారికమన్న పేరుతో వేరేచోట ఉండేది. 2022 ఓటు తరువాత సామాజిక ఒప్పందాన్నే సవరించి, 2023 జూన్ 10న విడుదలైన 12వ సంచికనుంచి ఫర్మ్‌వేర్‌కు ప్రత్యేక విభాగం ఏర్పరచి, ఇన్‌స్టాలర్‌లో చేర్చారు. అవసరమైతే అది తనంతట తానే అమరుతుంది. ఏది అమరిందో వాడుకరికి తెలపాలనీ, వద్దనుకునే దారి ఉంచాలనీ ఆ తీర్మానం కోరింది. కొత్త వాడుకరికి ఇది మేలే. కానీ అడగకుండా అమర్చి ఆపై తెలపడం, ముందుగా అడగడంతో సమానం కాదు.

మరో కొసన లైనక్స్ లిబ్రే ఉంది. ఈ కెర్నెల్ ఫర్మ్‌వేర్‌ను తొలగించడంతో ఆగక, లోపించిన ఫైలు పేరును సైతం సందేశంలోంచి చెరిపివేస్తుంది. స్వేచ్ఛేతరమైనదాని వైపు వాడుకరిని మళ్లించరాదన్న గ్నూ మార్గదర్శకాలకు ఇది అనుగుణమే. అయినా పేరు తెలియనివాడు ఆ పరికరాన్ని ఎందుకు మార్చుకోవాలో కూడా తెలుసుకోలేడు. మౌనం ఇక్కడ స్వేచ్ఛను కాపాడిందనడం కష్టం.

నిక్స్ మధ్యేమార్గం పట్టింది: స్వేచ్ఛేతర ప్యాకేజీని అడిగితే నిరాకరించి, లైసెన్సు కారణమని చెప్పి, అనుమతించే పద్ధతినీ చూపుతుంది. ఆండ్రాయిడ్ స్వేచ్ఛా అనువర్తనాల భాండారం ఎఫ్‌-డ్రాయిడ్ ఇంకా ముందుకు వెళ్లి, లోపాన్ని వర్గీకరించింది. స్వేచ్ఛేతర నెట్‌వర్కు సేవపై ఆధారపడే అనువర్తనానికి ఒక గుర్తు, స్వేచ్ఛేతర చేర్పులను ప్రోత్సహించే దానికి మరొకటి.

తెలుగులో ఇటువంటి సందేశాలు రాసేవారు అనుసరించదగినది ఈ చివరి పద్ధతి. 'స్వేచ్ఛేతరం' అనే ముద్ర వరకే ఆగితే, ఆ మాటకు అలవాటుపడని పాఠకుడు దాన్ని దాటిపోతాడు. 'ఈ ప్యాకేజీ ఉచితంగా దొరుకుతుంది, దీని మూలసంకేతం అందుబాటులో లేదు, దీన్ని మార్చే హక్కు మీకు లేదు, ఇది లేకున్నా మీరు కోరిన ప్రోగ్రాము పనిచేస్తుంది, అమర్చాలా?' అని అడిగితే, వెలకూ హక్కుకూ ఉన్న తేడా తెలుగు వాక్యంలో ఏ వివరణా లేకుండానే తెలిసిపోతుంది.