వాన లెక్క – ఇంటి లెక్క

కర్నూలు, కడప పల్లెల్లోని మన ఇళ్లలో వాతావరణ మార్పు అనే మాట వినపడదు. "కార్తెలు తప్పినాయి" అంటారు. జూన్, జూలై వానలకు విత్తిన వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు నేల తడిగా ఉండాలి. ఆ రోజుల్లో చినుకు లేకపోతే గట్టినేలలోకి ఊడ దిగదు, కాయ పట్టదు. తర్వాత కుండపోతగా కురిస్తే ఏడాది సగటు నిండుతుంది. పోయిన పంట మాత్రం రాదు. 2009లో దేశమంతటా నైరుతి వానలు లోటు. అదే ఏడాది అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచెత్తాయి.

కాయ పట్టని ఏడు అమ్మానాన్నలు గుంటూరు మిరప కోతలకు, సుగ్గికి పోతారు. మనలో చాలామందిమి అలా హాస్టలుకు చేరినవాళ్లమే. కాబట్టి మిత్రులారా, సెలవులకు ఊరెళ్లినప్పుడు వాన ఎంత కురిసిందనే కాక, ఎప్పుడు కురిసిందో కూడా పెద్దలనడిగి రాసుకుందాం.