చెల్లు నోటు, చెల్లని నోటు: ప్రయాణమునకు ముందు తెలిసికొనదగిన సంగతులు

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ప్రయాణములు తప్పవు. పెండ్లికో, పుష్కరములకో, పిల్లలను కళాశాలలో చేర్పించుటకో, ముసలివారిని చూచి వచ్చుటకో ఏటికి ఒకటి రెండు మారులైనను పొలిమేర దాటుచునే యుందుము. బట్టలు, తినుబండారములు సర్దుకొనుటలో చూపు శ్రద్ధను చేతి పైకము విషయమున చాలమంది చూపరు. పెట్టె అడుగున పెద్దలు ఏనాడో మడిచి దాచిన నోట్లను తీసి, అవసరమునకు వచ్చునని సంచిలో వేసికొని బయలుదేరుదురు. పరాయి ఊరిలో, టిక్కెట్టు కొనవలసిన వేళ, ఆ నోటు చెల్లదన్నచో కలుగు ఇబ్బంది ఇంతింత కాదు. ఆ పైకము తరచుగా ఇంటి ఆడువారు ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మే యగుట మరింత విచారకరము. కావున ఏది చెల్లును, ఏది చెల్లదు, ఎచ్చట మార్చుకొనవచ్చును అను సంగతులను ఇచ్చట వివరింతుము.

నోటు వట్టి కాగితమే. దానిని వెలువరించిన అధికారము ఇచ్చిన మాటయే దాని విలువ. ఆ మాటకు మూడు దశలు కలవు. మొదటిది, నోటు ఎల్లెడల చెల్లుచుండు దశ. రెండవది, నోటును చలామణి నుండి తీసివేయుచున్నను దాని చట్టబద్ధత పోని దశ. మూడవది, చెల్లుబడి పూర్తిగా రద్దయిన దశ. ఈ మూటికిని గల భేదము తెలియకపోవుటచేతనే కొందరు విలువ గల నోటును పారవేయుదురు, కొందరు విలువ లేని నోటును నమ్ముకొందురు.

డబ్బు మారుచుండుట మన వారికి క్రొత్త కాదు. తెలంగాణము నుండి షోలాపురమునకు, బొంబాయికి వలసపోయిన నేతపనివారు ఒకప్పుడు నిజాము హాలీ రూపాయలను ఇంగ్లీషు ప్రభుత్వపు కల్దారు రూపాయలుగా మార్చుకొనవలసి వచ్చెడిది. ఇంచుమించు 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలు వచ్చెడివి. తరువాత 1957 ఏప్రిలు 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చినవి. అంతవరకు 16 అణాలుగా నుండిన రూపాయి 100 నయా పైసలయ్యెను. పాత నాణెములు, క్రొత్త నాణెములు కొన్నియేండ్లు ప్రక్కప్రక్కనే చెల్లినవి. అణాకు ఆరుంబావు పైసలు గదా! చిల్లర లెక్కలో తికమక పడని యిల్లు ఆనాడు లేదనవచ్చును.

ఇక రద్దయిన నోట్ల సంగతి. మన దేశమున పెద్ద నోట్లను 1946లో ఒకమారు, 1978లో మరియొకమారు రద్దు చేసిరి. 1978 జనవరిలో రద్దయినవి 1,000, 5,000, 10,000 రూపాయల నోట్లు. అవి సామాన్యుల యిండ్లలో అరుదు. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి ప్రకటించిన రద్దు అట్టిది కాదు. ఆనాటి 500, 1,000 రూపాయల నోట్లు ప్రతి యింటను ఉండినవి. వానిని బ్యాంకులలో జమ చేయుటకు ఆ యేడు డిసెంబరు 30 వరకు గడువిచ్చిరి. ఆ గడువు దాటినది. నేడు ఏ పెట్టెలోనైన అట్టి నోట్లు బయటపడినచో వానితో కొనగలిగినదేమియు లేదు. పైగా 2017లో వచ్చిన చట్టము ప్రకారము అట్టి నోట్లను 10కి మించి దగ్గర నుంచుకొనరాదు. పరిశోధనకు, నాణెముల సేకరణకు మాత్రము 25 వరకు ఉంచుకొనవచ్చును. మీరినచో 10,000 రూపాయలు గాని, నోట్ల విలువకు ఐదింతలు గాని, ఏది యెక్కువైన అది జరిమానా. కావున వానిని మార్చి పెట్టెదమని చెప్పు దళారుల మాట నమ్మరాదు.

2,000 రూపాయల నోటు మాత్రము రెండవ దశకు చెందినది. 2023 మే 19వ తేదీన రిజర్వు బ్యాంకు దానిని చలామణి నుండి ఉపసంహరించుచున్నట్లు ప్రకటించినది గాని, చెల్లుబడిని రద్దు చేయలేదు. సాధారణ బ్యాంకులలో మార్చుకొను అవకాశము ఆ యేటి అక్టోబరు 7తో ముగిసినది. పిదప ఆ పని రిజర్వు బ్యాంకు వారి 19 ఇష్యూ కార్యాలయములకు ఒప్పగింపబడెను. అవి మన వారు నివసించు బెంగుళూరు, చెన్నై, భువనేశ్వరము, ముంబాయి, నాగపురములలోను, హైదరాబాదులోను కలవు. ఒక్కమారునకు 20,000 రూపాయల వరకు మార్చుకొనుటకు అనుమతించిరి. స్వయముగా పోలేనివారు తపాలా ద్వారా ఆ కార్యాలయములలో దేనికైన పంపి, తమ బ్యాంకు ఖాతాలో జమ చేయించుకొను ఏర్పాటును కూడ చేసిరి. యానాము వంటి దూరపు ఊళ్ల వారికి ఇది మిక్కిలి అనుకూలము. అట్టి నోటు చేతిలో నున్నవారు పారవేయనక్కరలేదు. వట్టము పుచ్చుకొను వారికి తక్కువకు అమ్ముకొననక్కరలేదు. అయితే దానినే నమ్ముకొని బస్సెక్కరాదు. చట్టము చెల్లునన్నను కండక్టరు, అంగడివాడు పుచ్చుకొనుటకు జంకుదురు.

చిన్న పైకము విషయమునను అపోహలు కలవు. 25 పైసలు, అంతకు తక్కువ నాణెములు 2011 జూను 30 నుండి చెల్లుబడి కోల్పోయినవి. అర్ధరూపాయి నాణెము మాత్రము రద్దు కాలేదు. పది రూపాయల నాణెము చెల్లదను వదంతి కొన్ని ఊళ్లలో వ్యాపించగా, వేర్వేరు కాలములలో వెలువడిన 14 రకములును చెల్లునని రిజర్వు బ్యాంకు 2018లో స్పష్టపరచినది. వెనుకటి రెండు రూపాయల, ఐదు రూపాయల నోట్లును చెల్లునవే. చిరిగిన నోటును పారవేయరాదు, బ్యాంకునకు కొనిపోవలెను. 50 రూపాయలు, అంతకు మించిన నోటులో అతుకులేని ఒకే ముక్క నూటికి 80 పాళ్లకు మించి మిగిలియున్నచో పూర్తి విలువ, 40 నుండి 80 పాళ్లున్నచో సగము విలువ ఇత్తురు.

నోట్లే గాక చెల్లింపు పత్రములకును కాలదోషము పట్టును. 2012 ఏప్రిలు నుండి చెక్కునకు, డ్రాఫ్టునకు ఆయువు 3 నెలలే. అంతకుముందు 6 నెలలు. బ్యాంకులు విలీనమైనపుడు చెక్కు పుస్తకములును మారును. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు 2017 ఏప్రిలు 1వ తేదీన స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలోను, పట్టాభి సీతారామయ్యగారు 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులోను కలిసినవి. స్వగ్రామపు శాఖలోని ఖాతాను నమ్ముకొని పరాయి ఊరనుండు వారు పాత చెక్కులు మార్చుకొనిరో లేదో చూచుకొనవలెను. వెనుక నల్లపట్టీ మాత్రమే యుండి చిప్పు లేని కార్డులను 2018 చివరికెల్ల మార్చవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది.

విదేశములకు పోవువారికి ఈ జాగ్రత్త మరింత అవసరము. దేశమునకొక నియమము. ఇంగ్లండులో కాగితపు 20, 50 పౌన్ల నోట్లు 2022 సెప్టెంబరు 30 తరువాత అంగళ్లలో చెల్లకుండ పోయినను, వానిని మార్చి యిచ్చు బాధ్యతకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు గడువు పెట్టలేదు. జర్మనీ పాత మార్కులును అట్లే. ఫ్రాన్సు మాత్రము పాత ఫ్రాంకు నోట్లకు 2012 ఫిబ్రవరి 17తో గడువు ముగించినది. ఫ్రాన్సులో బంధువులుగల యానాము కుటుంబములలో అట్టి నోట్లు మిగిలియున్నచో అవి జ్ఞాపకచిహ్నములే. 1891లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ ప్రవేశపెట్టిన ట్రావెలర్స్ చెక్కులు ఒక శతాబ్దము పాటు యాత్రికుని నమ్మిన నేస్తములు. నేడు వానిని పుచ్చుకొను హోటళ్లు, అంగళ్లు అరుదు. పాతవి మిగిలినచో బయలుదేరకముందే సొమ్ము చేసికొనుట మేలు.

తల్లిదండ్రులు చేయవలసినది స్వల్పము. ప్రయాణమునకు పదిదినముల ముందే ఇంటనున్న నోట్లను బయటికి తీసి మూడు దశలుగా వేరు చేయవలెను. చెల్లునవి వెంట తీసికొని, మార్చదగినవి మార్పించి, రద్దయినవానిని ప్రక్కన పెట్టవలెను. చిన్న నోట్లు కొన్ని తప్పక చేతనుంచుకొనవలెను. ఈ పనిలో పిల్లలను కూర్చుండబెట్టుకొన్నచో మరియు మంచిది. నోటు వెనుకవైపున 15 భాషలలో విలువ వ్రాసిన పట్టిక కలదు. అందు ఉర్దూకు పైన, చివరినుండి రెండవ వరుస మన తెలుగు. ముద్రణ సంవత్సరమును ఆ వైపుననే యుండును. ఆ సంవత్సరము లేని నోటు 2005కు ముందటిది. పాఠశాలలో తెలుగు నేర్చిన పిల్లవాడు ఆ వరుసను అవ్వకు చదివి వినిపించి, ఏది చెల్లునో చెప్పగలిగిననాడు వాని చదువు ఇంటిసొమ్మునకు కూడ కాపలా కాచినట్లే.