దంపతుల నిర్ణయం, భార్య శరీరం: కుటుంబ నియంత్రణపై ఒక పరిశీలన

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల సంఘాలలో ఐదారుగురిని కన్న అవ్వలు నేటికీ కనిపిస్తారు. వారి మనుమరాండ్రకు ఇద్దరు, లేదా ఒక్కరే. కనుక నేటి దంపతులు కలిసి ఆలోచించి తగిన పద్ధతిని ఎంచుకొంటున్నారని మనం భావిస్తాం. ఇది ఎంతవరకు నిజం?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 2.6. విభజన తరువాతి రాష్ట్రంలో 2019-21 నాటికి అది 1.7. ఈ మధ్యకాలంలో ట్యూబెక్టమీ చేయించుకొన్న వివాహిత స్త్రీలు సుమారు 38 శాతం నుండి 70 శాతానికి పెరిగారు. భర్త వేసెక్టమీ చేయించుకొన్న దంపతులు 6 శాతానికి పైనుండి ఒక శాతం లోపుకు తగ్గారు. మాత్రలు, లూప్, నిరోధ్ వాడేవారు బహు స్వల్పం. అనగా పిల్లల సంఖ్య మారింది గాని, భారం భార్యపైనే మరింతగా పడింది.

1975-77 అత్యవసర పరిస్థితి నాటి బలవంతపు వేసెక్టమీలు పురుషులలో భయాన్ని మిగిల్చాయి. ఆపరేషన్ వల్ల మగతనం, పనిచేసే బలం పోతాయన్న అపోహ కూడా ఉంది. నిజానికి వేసెక్టమీ ట్యూబెక్టమీకంటే చిన్న చికిత్స. పురుష హార్మోను యథాప్రకారం తయారవుతుంది. అయితే మూడు నెలలపాటు మరొక పద్ధతి వాడి, వీర్యపరీక్షతో నిర్ధారించుకోవాలి.

రెండవ కాన్పుతోనే ఆపరేషన్ చేయించుకొన్న యువతికి తరువాత బిడ్డ చనిపోతే? గొట్టాలు తిరిగి కలిపినా గర్భం వస్తుందన్న హామీ లేదు. కాన్పుల మధ్య ఎడం కోసం 2017 నుండి ప్రభుత్వం అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు కూడా అందిస్తోంది. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే దంపతులకు తెలియాలి.

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదన్న 1994 నాటి నిబంధనను రాష్ట్రం 2024లో తొలగించింది. నిన్న తక్కువ కనమన్నారు, నేడు ఎక్కువ కనమంటున్నారు. రెండు పిలుపుల భారమూ స్త్రీ శరీరంపైనే పడుతుంది.

పద్ధతుల విషయంలో సంఘాలకు ఏకాభిప్రాయం లేదు. 1930 లాంబెత్ సమావేశంలో ఆంగ్లికన్ బిషప్పులు షరతులతో అంగీకరించారు. 1968లో పోపు ఆరవ పౌలు కృత్రిమ పద్ధతులను నిరాకరించారు. అయితే 1 కొరింథీ 7:4లో పౌలు భార్య శరీరంపై భర్తకు, భర్త శరీరంపై భార్యకు సమానంగా అధికారం చెప్పాడు. ఈ పరస్పరతను ఏ సంఘమూ కాదనలేదు.

కనుక కాపరి వైద్యుని స్థానం తీసుకోనక్కరలేదు. వివాహానికి ముందు ఇచ్చే ఉపదేశంలో ఈ అంశాన్ని చేర్చి, వరుణ్ణి కూడా కూర్చోబెట్టి, “ఈ భారంలో నీ వంతు ఏమిటి?” అని అడిగితే చాలు.