పెద్దల గుండెకు అలుగు – పాత విషాద గీతం

బోయిగూడ (సికిందరాబాదు): సికిందరాబాదు స్టేషనులో పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు నుంచి బయటికి వస్తే ఎదురయ్యేది బోయిగూడ. గాంధీ ఆసుపత్రికి వెళ్లేవారు, దర్వాజలకూ కిటికీలకూ కలప బేరం చేయవచ్చినవారు, పట్నంలో ఉన్న కొడుకునో కూతురినో చూసిపోవడానికి వచ్చినవారు – మన జిల్లా గ్రామాల నుంచి ఈ బాట తొక్కనివారు అరుదు. 1874లో ఇక్కడికి రైలు వచ్చింది. ఆనాటి నుంచి స్టేషను చుట్టూ ఉన్న పేటలకు రాకపోకలే బతుకు. ఎవరినో బండి ఎక్కించి, అది కదిలిపోయాక ఒంటరిగా వెనక్కి నడిచేవారు ఈ వీధులకు కొత్త కాదు.

ఇటువంటి చోట ఏ టీ కొట్టులోనో, ఎవరి చేతి ఫోనులోనో ఘంటసాల పాడిన పాత విషాద గీతం వినిపించిందంటే అరవై దాటినవారి నడక నెమ్మదిస్తుంది. పక్కనున్న కుర్రవాళ్లు "మళ్లీ ఆ ఏడుపు పాటేనా" అని నవ్వుతారు. పల్లెల్లోనూ ఇదే వరస. తాత పాట పెడతాడు, మనుమడు ఆపేస్తాడు. ఇంతకీ ఆ పాటలు పెద్దలను ఏడిపిస్తున్నాయా, ఊరడిస్తున్నాయా? ఇంట్లో పెద్దవారున్న ప్రతి కుటుంబమూ ఆలోచించవలసిన సంగతి ఇది.

దేవదాసు వేసిన బాట

తెలుగునాట భగ్నప్రేమ పాట అనగానే ముందు గుర్తుకొచ్చేది 'దేవదాసు'. బెంగాలీ రచయిత శరత్‌చంద్ర 1917లో ప్రచురించిన నవల ఆధారంగా వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో తీసిన ఈ చిత్రం 1953 జూన్ 26న విడుదలైంది. పాటలు సముద్రాల రాఘవాచార్య రాశారు. సంగీతం సి.ఆర్. సుబ్బరామన్. సినిమా తెరకెక్కక ముందే, 1952లో, ముప్ఫై ఏళ్లయినా నిండకుండా సుబ్బరామన్ కన్నుమూశారు. మిగిలిన పనిని ఆయన సహాయకులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు. తాగినవాడి బరువైన కళ్లు కనబడడం కోసం రాత్రిపూట షూటింగు పెట్టేవారనీ, తాను పెరుగన్నం తిని నిద్రమత్తుతో కెమెరా ముందు నిలిచేవాడిననీ అక్కినేని నాగేశ్వరరావు తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు.

అక్కినేని ముఖానికి ఘంటసాల గొంతు తోడయింది. 1922లో గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు విజయనగరంలో మధుకరం ఎత్తుకుని తింటూ సంగీతం నేర్చుకున్నారు. 1942 ఉద్యమంలో జైలుకూ వెళ్లారు. ఆకలి తెలిసిన గొంతు కనుక దుఃఖం అందులో వేషంలా అనిపించదు. 1971లో వచ్చిన 'ప్రేమ నగర్'లో ఆత్రేయ రాసిన విషాద గీతాన్ని పాడేనాటికి కూడా ఆ గొంతులో ఆర్ద్రత తగ్గలేదు. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు.

ఆ తర్వాతి తరానికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం దొరికారు. 1981లో 'ప్రేమాభిషేకం', 1988లో 'అభినందన' ఆనాటి కుర్రకారును ఊపేశాయి. 'అభినందన' పాటలు రాసిందీ ఆత్రేయే. ఆ మరుసటి ఏడాదే, 1989లో, మనసు కవిగా పేరుపడ్డ ఆయన వెళ్లిపోయారు. 'దేవదాసు' చూసిన పద్దెనిమిదేళ్ల పడుచువాళ్లకు ఇప్పుడు తొంభై. 'ప్రేమాభిషేకం' చూసినవారు కూడా అరవైలు దాటుతున్నారు. ఒక తరం వెనుక ఒక తరం ఆ అరుగు మీదికే వచ్చి కూర్చుంటున్నది.

పార్వతి మాట ఏమిటి?

దేవదాసు తాగాడు, పాడాడు, అందరి జాలీ పొందాడు. మరి పార్వతి? ఎదిగిన పిల్లలున్న జమీందారుకు రెండో భార్యగా వెళ్లి, కళ్లనీళ్లు కొంగుతో తుడుచుకుని, ఇల్లు చక్కబెట్టుకుంది. ఆ పాత్రలో సావిత్రిని చూసి ఆడవాళ్లు కన్నీరు పెట్టుకున్నారంటే అది సినిమా కోసం మాత్రమే కాదు. పెళ్లంటే పెద్దలు కుదిర్చేది, పిల్ల తల వంచేది అయిన రోజులవి. మనసులో ఎవరైనా ఉన్నా పేరు ఎత్తే వీలు లేదు. మగవాడికైనా అంతే. మేనమామ కూతురిని కాదని కులం కాని పిల్లను కోరితే ఊరు ఊరుకునేది కాదు.

నోరు విప్పి చెప్పుకోలేని ఆ మాటను పాట చెప్పింది. ఊరి చివర టూరింగు టాకీసు మైకులో, పెళ్లి పందిట్లో గ్రామఫోను ప్లేటు మీద, పంచాయతీ రేడియోలో అది వినిపించేది. పాట సినిమాలోది, దుఃఖం ఎవరిది వారిది. ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే, సినిమా పాట విని అని చెప్పుకోవచ్చు. ఇంతకన్నా మర్యాదైన మరుగు ఆ రోజుల్లో మరొకటి లేదు.

లక్కతో చేసిన ఆ పాత ప్లేటులో ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టేది కాదు. కవి, సంగీత దర్శకుడు, గాయకుడు ఆ కొద్ది వ్యవధిలోనే గుండె కోతంతా చెప్పవలసి వచ్చేది. తర్వాత రేడియో వచ్చి ప్లేటు కొనలేని ఇంటికీ పాటను చేర్చింది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలైంది. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన కాలంలో కూడా, కోరిన పాట కోసం కార్డు రాసి, తమ పేరు ఎప్పుడు చదువుతారా అని ఎదురుచూసిన శ్రోతలు ఊరూరా ఉండేవారు.

జపానులోనూ ఇదే కథ

ఈ ముచ్చట మనకొక్కరికే పరిమితం కాదు. జపానులో పెద్దవయసువారు ప్రాణంగా వినే పాత విషాద గీతాలను 'ఎంకా' అంటారు. విడిపోయిన ప్రేమికులు, వానలో రేవు, రాత్రి బండి, వదిలి వచ్చిన ఊరు, చేతిలో మద్యం గిన్నె – ఆ పాటల సరుకంతా ఇదే. మద్యాన్ని కన్నీరా, నిట్టూర్పా అని అడిగే పాట ఒకటి అక్కడ 1931లోనే ప్లేటుగా వచ్చి ఊరూరా మోగింది. దానికి బాణీ కట్టినవాడు కొగా మసావొ. మన దేవదాసు సీసా పట్టడానికి ఇరవై రెండేళ్ల ముందు మాట అది. అదే కొగా బాణీలో మిసొరా హిబారి అనే గాయని 1966లో మరో మద్యం పాట పాడింది. ఆమె చెంపల మీద కన్నీరు కారుతుండగా ఆ పాట పాడడం జపాను ప్రజలు మరువలేదు. 1989లో, 52వ ఏట, ఆమె మరణించింది.

మన సికిందరాబాదు వంటిదే తోక్యోలో ఉయెనో స్టేషను. ఉత్తరాది పల్లెల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన పిల్లలు యుద్ధం తర్వాతి కాలంలో దిగింది అక్కడే. ఆ స్టేషను మీద 1964లో ఒక పాట వచ్చింది. స్టేషను బయట ఆ పాటకు స్మారక ఫలకం కూడా నిలబెట్టారు. జపానులో ఇప్పుడు ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు 65 ఏళ్లు దాటినవారే. వృద్ధులు పగటిపూట గడిపే కేంద్రాలలో పాత పాటలు పాడించడం అక్కడ మామూలు. పెద్దల పాటను అక్కడివారు పనికిరాని పాతసామాను కింద లెక్కకట్టలేదు.

చెరువు నిండితే...

దుఃఖంలో ఉన్నవారికి దుఃఖగీతం మేలెలా చేస్తుందని అడగవచ్చు. దీనికి ఎనిమిదో శతాబ్దంలోనే భవభూతి మహాకవి 'ఉత్తరరామచరిత'లో జవాబు చెప్పాడు. చెరువు నిండి పొంగినప్పుడు నీరు పారే దారి ఇవ్వడమే దానికి ఉపాయమనీ, శోకంతో కలతపడిన గుండెను విలాపమే నిలబెడుతుందనీ ఆయన భావం. చెరువు కింద సేద్యం చేసేవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. అలుగు పారకపోతే కట్ట తెగుతుంది.

నేటి పరిశోధకులు అంటున్నదీ దీనికి దూరం కాదు. విషాద సంగీతం వినేవారికి విచారంతో పాటు ఒక హాయి కూడా కలుగుతున్నదని 2013లో జపాను పరిశోధకులే ప్రకటించారు. మనిషికి పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య జరిగిన సంగతులు ముసలితనంలో కూడా ఎక్కువగా గుర్తుంటాయి. మతిమరుపు జబ్బు వచ్చి కన్నబిడ్డల పేర్లు తడబడేవారు కూడా ఆనాటి పాటను అందుకోవడం వైద్యులు తరచు చూస్తున్నదే.

అయితే ఒక హెచ్చరిక. పాట విని కళ్లు తడవడం వేరు, మనిషి కుంగిపోవడం వేరు. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర లేక, ఎవరితోనూ మాట్లాడక, బతుకు మీద విసుగు మాటలు అంటుంటే అది పాట మహిమ కాదు, జబ్బు. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. దేవదాసు పాట బాగున్నదని దేవదాసు సీసా పట్టనివ్వడమూ తగదు.

ఇంటివారు చేయగలిగింది

ఖర్చు పెద్దగా లేదు. ఇప్పుడు పాత పాటలన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయి. వెతకడం రాని పెద్దలకు కావలసిన పది పాటలు అడిగి, ఒకచోట చేర్చి పెట్టవచ్చు. ఫోను చేతకానివారి కోసం, రేడియో ఆకారంలో పాత పాటలు నింపిన పెట్టెలు 2017 నుంచి బజారులో దొరుకుతున్నాయి. అటక మీద పాత లక్క ప్లేట్లు ఉంటే పారేయకండి. నిలువుగా పేర్చి, పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. స్పిరిటు తగిలితే లక్క కరిగి పాట పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పాట నడుస్తుండగా ఆపకుండా ఉండడం. అయిపోయాక, ఈ సినిమా ఎక్కడ చూశావు తాతా, ఎవరితో వెళ్లావు నాయనమ్మా అని ఒక్క ప్రశ్న వేయండి. అరవై ఏళ్లుగా ఎవరూ అడగని సంగతి ఏదైనా బయటికి రావచ్చు, రాకపోనూ వచ్చు. రాకపోతే గుచ్చి గుచ్చి అడగవద్దు. పాట పూర్తయ్యేదాకా పక్కన కూర్చున్నా చాలు.