వంటింటి గచ్చు మారుస్తున్నారా?

హాల్లో వేసే టైల్సు గురించి ఇంటిల్లిపాదీ సలహాలిస్తారు. వంటింటి దగ్గరికొచ్చేసరికి 'మిగిలినవి అక్కడ పరిచేద్దాంలే' అనేస్తారు. నూనె చిందేదీ, గంజి ఒలికేదీ, పసుపు రాలేదీ ఆ నేల మీదే కదా! రోజుకి నాలుగైదు గంటలు దాని మీద నిలబడేది మనం. అందుకే పాత ఇంటి వంటిల్లు బాగుచేయించే మాట వచ్చినప్పుడు మనం ముందుగా నోరు తెరవాలి.

పాత ఇళ్లలో ఎక్కువగా ఉండేవి నాపరాళ్లు. పల్నాడు వాళ్లకి మాచర్లవి, రాయలసీమ వాళ్లకి బేతంచెర్లవి, తెలంగాణ వాళ్లకి తాండూరువి. లేదంటే ఎర్ర గచ్చు, మొజాయిక్. వీటిని తవ్వించే ముందు రూపాయి బిళ్లతో అక్కడక్కడా తట్టి చూడండి. చప్పుడు గట్టిగా వస్తే కింద నిండుగా ఉన్నట్టే. డబడబమంటే కింద బోలుగా ఉన్నట్టు. రాయి నిక్షేపంలా ఉండి పైన మాత్రం గరుకెక్కితే, పాలిష్ పట్టించి సందులు పూడిపిస్తే చాలు, ఖర్చు తక్కువలో పోతుంది. రాళ్లు కుంగితే మాత్రం పైపై పూతలు పనికిరావు. ఎలకలు తవ్వి ఉండొచ్చు, లోపలి తూము పగిలి నీళ్లు ఇంకి ఉండొచ్చు. మొత్తం తీసి, తూము గొట్టం మార్చి, మట్టి పోసి తడిపి దిమ్మిస కొట్టించాల్సిందే.

'తవ్వడం ఎందుకమ్మా, పాతదాని మీదే టైల్సు వేసేస్తా' అనే మేస్త్రులున్నారు. వేయొచ్చు. కానీ నేల అంగుళమో, రెండంగుళాలో పైకొస్తుంది. తలుపు అడుగున కోయాలి. గట్టు అంతమేరకు కిందికి దిగినట్టవుతుంది, ఇక వంగి వంగి కూరలు తరగాలి. గట్టు కింద సిలిండరు రెగ్యులేటరుతో సహా పడుతుందో లేదో కూడా ముందే కొలిపించండి.

అన్నిటికన్నా నాకు భయం జారుడు. మా అత్తగారికి డెబ్బై ఆరేళ్లు. తెల్లవారుజామున లైటైనా వేయకుండా వెళ్లి పాలు పెట్టుకోవడం ఆవిడ అలవాటు. పాత నాపరాళ్ల మీద ఆ పాదాలకి పట్టు తెలుసు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఎన్నాళ్లు మంచాన పడతారో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మావారూ, మేస్త్రీ వెళ్లి అద్దంలా మెరిసే టైల్సు ఖాయం చేసుకొచ్చారు. 'ఒక్క టైలు ఇంటికి తెప్పించండి' అన్నాను. తెచ్చాక దాని మీద గ్లాసెడు నీళ్లు, నాలుగు చుక్కల నూనె పోసి, గోడ పట్టుకుని నిలబడమని ఆయన్నే అడిగాను. మర్నాడు బేరం మారింది!

మెరుపు లేని మ్యాట్ రకం అడగండి. కొన్ని డబ్బాల మీద ఆర్ 9, ఆర్ 10, ఆర్ 11 అని ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. మరీ ఇసుక కాగితంలా ఉన్నది తీసుకుంటే మాత్రం జిడ్డు వదలదు, తుడిచేవాళ్ల చేతులు పడిపోతాయి. రెండడుగుల పలకల కన్నా అడుగు పలకలు నయం. సందులు ఎక్కువుంటాయి కాబట్టి కాలికి పట్టు దొరుకుతుంది, వాటం ఇవ్వడమూ సులువు.

వాటం అన్నాను కదా, అది మేస్త్రి నోటిమాట మీద వదిలేయకండి. నేల కడిగే అలవాటున్న ఇంట్లో పదడుగులకి కనీసం అంగుళం పల్లం తూము వైపు ఉండాలి. అడుగు సిమెంటు ఆరాక, టైల్సు అతికించే ముందే బకెట్టు నీళ్లు పోయించండి. ఏ మూలన నిలిచాయో అక్కడే సరిచేయించుకోవచ్చు. టైల్సు పడ్డాక ఎవరూ చేసేదేం లేదు, రోజూ మనం చీపురుతో తోసుకోవడమే.

సందుల్లో తెల్ల సిమెంటు నింపితే పసుపు పట్టి నెలలోపే రంగు మారుతుంది. ఎపాక్సీ ఖరీదైనా మరక తాగదు. చివర్లో సిమెంటు మరకలకని యాసిడ్ పోస్తామంటారు. పక్క గదిలో నాపరాళ్లుంటే అటు చుక్క పడనివ్వకండి. అది సున్నపురాయి, యాసిడ్ తినేస్తుంది. చింతపండు, నిమ్మరసం ఒలికితే తెల్లమచ్చ పడేదీ అందుకే. యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపనివ్వద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణాల మీదికొస్తుంది.

పని జరిగినన్నాళ్లూ వంట వరండాలోకి మార్చుకోండి. బియ్యం, పప్పుల డబ్బాలు వేరే గదిలో పెట్టి తలుపు మూయండి. కోత ఆరుబయట, నీళ్లు పోస్తూ కోయమనండి. ఆ దుమ్ము ఉబ్బసం ఉన్నవాళ్లకే కాదు, కోసే కుర్రాడి ఊపిరితిత్తులకీ చేటే.

ఒక పెట్టె టైల్సు అదనంగా కొని అటక మీద దాచండి. రేపు ఒకటి పగిలితే అదే రంగు మళ్లీ దొరకదు. తీసిన నాపరాళ్లు పారేయకండి. మావి పెరట్లో బట్టలుతికే చోట పరిపించాం. రోలు అక్కడే పెట్టాం, అత్తగారు గోంగూర పచ్చడి అందులోనే నూరతారు.