శ్రద్ధ నిలవని పిల్లలు... నాడి చూడాల్సిందే

నూజివీడు: బడిలో కుదురుగా కూర్చోడు. చెప్పింది చెవికెక్కదు. ఏ పనీ పూర్తి చేయడు. మామిడి తోటల పల్లెల్లో ఇటువంటి పిల్లవాడిని అల్లరివాడని సరిపెట్టుకోవడం పరిపాటి. పన్నెండేళ్లలోపు మొదలై, ఇంటా బడిలోనూ ఆరు నెలలకు మించి కొనసాగితే అది ఏడీహెచ్‌డీ అనే శ్రద్ధ లోప రుగ్మత కావచ్చు. చికిత్స ఉంది. అయితే ఆ మాత్రలు గుండెను పరుగెత్తిస్తాయని విని, మధ్యలోనే మానిపించే తల్లిదండ్రులూ ఉంటారు.

గుండెకు సొంత లయ ఉంది. నరాల ప్రమేయమే లేకుంటే పెద్దవారిలో అది నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది. మెదడు నుంచి వచ్చే వేగస్ నరం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా కళ్లెం వేసి, విశ్రాంతి వేళ దానిని 70 ప్రాంతానికి దించుతుంది. గాలి పీల్చినప్పుడు నాడి వేగంగా, విడిచినప్పుడు నెమ్మదిగా నడవడం ఈ కళ్లెం పనే. పిల్లల్లో ఇది బాగా తెలుస్తుంది, జబ్బు కాదు. ఏడీహెచ్‌డీ పిల్లల్లో ఈ హెచ్చుతగ్గులు తక్కువని కొన్ని పరిశోధనలు, తేడా లేదని మరికొన్ని చెప్పాయి. కాబట్టి నాడిని బట్టి రుగ్మతను నిర్ధారించలేరు.

మందు సంగతి వేరు. మిథైల్‌ఫెనిడేట్ డోపమిన్, నార్‌అడ్రినలిన్‌ల ప్రభావాన్ని పెంచుతుంది. శ్రద్ధ నిలిచేది అందువల్లే, నాడి పెరిగేదీ అందువల్లే. ఆ పెరుగుదల సగటున నిమిషానికి పదిలోపే. ఆరోగ్యంగా ఉన్న గుండెకు ఇది భారం కాదు. అయితే ఆటల్లో సొమ్మసిల్లడం, పుట్టుకతో గుండె లోపం, కుటుంబంలో చిన్న వయసు హఠాన్మరణం వంటివి ఉంటే దాచకుండా వైద్యునికి చెప్పాలి. మందు ప్రారంభించే ముందు, మోతాదు మార్చిన ప్రతిసారీ, ఆపై ఆరు నెలలకోసారి నాడి, రక్తపోటు చూడాలి. కొందరికి ఇచ్చే క్లోనిడిన్ ఇందుకు విరుద్ధంగా నాడిని తగ్గిస్తుంది. దానిని ఉన్నట్టుండి మానితే రక్తపోటు ఎగబాకుతుంది.

తోటల రైతులకు మరో విషయం. పూత దశలో తేనెమంచు పురుగుపై చల్లే మందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ రకాలు ఎసిటైల్‌కోలిన్‌ను శరీరంలో విరగనివ్వవు. విషం ఎక్కితే నోట చొంగ కారుతుంది, కంటిపాప చిన్నబడుతుంది, నాడి మందగించవచ్చు. వెంటనే ఆసుపత్రికి తరలించాలి. ఈ మందుల అవశేషాలు మూత్రంలో ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఏడీహెచ్‌డీ అధికంగా కనిపించిందని అమెరికాలో 1,139 మందిపై జరిపిన అధ్యయనం 2010లో తెలిపింది. మందులే కారణమని దానితో రుజువు కాలేదు. అయినా పిచికారీ వేళ నీళ్లు అందించే పనికి పిల్లలను పిలవడం ఎందుకు?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించాల్సిన లోపాల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. బడికి వచ్చే వైద్య బృందానికి అనుమానం చెబితే పై పరీక్షలకు పంపుతారు.